కుడి తలుపు మీద ఎరుపు

ఎరుపంటే నాకు ఒళ్ళుమంట. లాండ్రీ షాపు నడిపేవాళ్ళని ఎవర్నైనా అడగండి, ఇదే మాట చెప్తారు. తెల్లచొక్కాల మధ్య ఎవరిదో ఒక్క ఎర్ర సాక్సు నక్కి ఉంటే చాలు, ఉతుకు అయ్యేసరికి చొక్కాలన్నీ గులాబీ రంగులో సిగ్గుపడుతూ బయటికొస్తాయి. ఆ తర్వాత వాటి యజమానుల ముందు సిగ్గుపడాల్సింది నేను. అలాంటి నాకు బావగా దొరికింది ఎవరయ్యా అంటే, బతుకంతా ఎరుపు వెంటపడి తిరిగిన మనిషి.

మా బావ, అంటే మా అక్క భర్త, పళ్ళు తయారుచేస్తాడు. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపితే, తన ల్యాబ్‌లో కూర్చుని కట్టుడు పళ్ళూ, అరిగిన పళ్ళకి తొడుగులూ చేసి పంపుతాడు. అందుకని నేను ఆయనకి పెట్టిన పేరు పళ్ళ బావ. కోపమొచ్చి "పళ్ళు రాలగొడతా" అని మీదికి వెళ్తే, "రాలగొట్టు తల్లీ, మళ్ళీ కట్టుకునేది నేనేగా" అంటాడు. అలాంటి మనిషితో పోట్లాడి ఎవరు గెలుస్తారు?

మనకి పన్ను తెల్లగా ఉంటుంది, అక్కడితో సరి. ఆయనకి అలా కాదు. ఒకే మనిషి నోట్లో ముందుపన్ను తెలుపు వేరు, కోరపన్ను తెలుపు వేరు. ఒకే పన్నులో చిగురు దగ్గర ఒక రంగు, కొస దగ్గర ఇంకో రంగు. ఆయన చేసిన పన్ను నోట్లో పెట్టుకున్నవాళ్ళు, నెల తిరిగేసరికి ఏది కట్టుడుదో ఏది సొంతదో తామే మర్చిపోతారు. పగలంతా ఇలా తెలుపుతో కుస్తీ పట్టి, ఇంటికొచ్చాక ఆయన కూర్చునేది ఎరుపు ముందు. వంటింటి కిటికీ పక్కన ఒక బల్ల. దాని మీద గాజు సీసాలు, పంటి పని నుంచి తెచ్చుకున్న సన్నటి కుంచెలు, రంగు పొగలా చిమ్మే ఎయిర్ బ్రష్, దానికి గాలి కొట్టే చిన్న మోటారు. ఆ బల్ల మీద ఆయన అరచేతిలో పట్టే కార్లు తయారుచేస్తాడు. బొమ్మకార్లు అన్నామా, మొహం మాడ్చుకుంటాడు. మోడల్ కార్లు అనాలి.

అన్నీ ఎర్రవే. "ఇంకో రంగే దొరకలేదా బావా?" అని ఒకసారి అడిగాను. "మిగతా రంగులు సీసాలోంచి వస్తాయి. ఎరుపు మాత్రం బతిమాలితే గానీ రాదు" అన్నాడు. ఆ బతిమాలడం ఎలా ఉంటుందో ఏళ్ళ తరబడి చూశాను. పెద్ద కారు మీద ఉన్న రంగే తెచ్చి చిన్న కారు మీద వేస్తే సరిపోదట. అరచేతిలోకి వచ్చేసరికి అదే ఎరుపు బరువుగా, నల్లగా కనబడుతుందట. పోనీ కాస్త తేలిక చేద్దామని తెలుపు కలిపితే గులాబీ అయి కూర్చుంటుంది. కాబట్టి రవ్వంత పసుపు, సూదిమొనంత నారింజ. కింద వేసే మొదటి పూత బూడిద రంగైతే పైన ఎరుపు ఒకలా తేలుతుంది, లేత గులాబీ అయితే ఇంకోలా. తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఇంకొకటి. ఎర్ర రంగు మీద పొరపాటున తెలుపు వేస్తే, కింద ఎరుపు ఊరుకోదు, పైకి ఊరుతుంది. ఈ చివరి సంగతి మాత్రం నాకు ఆయన చెప్పక్కర్లేదు. సాక్సులు ఎప్పుడో నేర్పాయి.

ఇంకో అలవాటు, ఇది పళ్ళ పనిలోంచి వచ్చింది. రంగుని ఎక్కువసేపు చూడడు. ఒక్క చూపు చూసి, వెంటనే పక్కన పెట్టుకున్న బూడిదరంగు అట్టముక్క వైపు తిరుగుతాడు. మళ్ళీ ఒక్క చూపు, మళ్ళీ అట్టముక్క. "కన్ను రంగుకి అలవాటు పడిపోతే అబద్ధం చెప్తుంది. దానికి విశ్రాంతి ఇవ్వాలి" అంటాడు. ఎంత మొండివాడైనా, పనిలో ఆయనంత నిజాయితీపరుణ్ణి నేను చూడలేదు. ఇంకెవరికీ తేడా కనబడని కారుని ఆయన గోకి పారేసి మళ్ళీ మొదలెట్టేవాడు.

ఈ ఎరుపు పిచ్చి ఎక్కడ పట్టుకుందో చెప్పాలంటే మా నాన్న కారు దగ్గరికి వెళ్ళాలి. మా నాన్న కరెంటు మీటర్లు పరీక్షించే ఉద్యోగి. లెక్క తేలేదాకా ఎవర్నీ, దేన్నీ నమ్మే రకం కాదు. ఆయనకి ఒక ఎర్ర కారు ఉండేది. మా మీద కంటే దాని మీద ప్రేమ ఎక్కువని మా అమ్మ తిట్టేది. ఒకరోజు వీధి మలుపులో సైకిలు మీద వస్తున్న ఒక కుర్రాడు, ఎవరికో దారి ఇవ్వబోయి, ఆగి ఉన్న ఆ కారు కుడి తలుపుని హ్యాండిలుతో పొడుగునా గీకేశాడు. ఇంకొకడైతే చడీచప్పుడు లేకుండా ఉడాయించేవాడు. ఈయన మాత్రం నాన్న వచ్చేదాకా గీత పక్కనే నిలబడ్డాడు. నాన్న వచ్చాడు, చూశాడు, ఒంటికాలి మీద లేచాడు.

"నేనే సరిచేసి ఇస్తానండీ" అన్నాడట కుర్రాడు.

"నువ్వేం పని చేస్తుంటావు?"

"పళ్ళు చేస్తానండీ."

"పళ్ళు చేసేవాడివి తలుపేం చేస్తావయ్యా?"

అయినా చేశాడు. ఆదివారం పొద్దున్నే చిన్న చిన్న సీసాలు సంచిలో వేసుకుని వచ్చేవాడు. తలుపు ముందు గొంతుక్కూర్చుని, ఒక్క చూపు చూసి, చటుక్కున తల తిప్పి ఎటో చూసేవాడు. ఆ ఎటో అన్నచోట మా ఇంటి కిటికీ ఉండేది, కిటికీలో మా అక్క ఉండేది. కంటికి విశ్రాంతి ఇస్తున్నానని ఆయన ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు. మా అక్క మాత్రం నమ్మలేదు, నమ్మకపోవడమే ఆవిడకి ఇష్టం కూడాను. కొన్ని ఆదివారాలు ఇలా గడిచాక, ఒకరోజు లేచి "అయిపోయిందండీ" అన్నాడు. నాన్న కళ్ళజోడు సవరించుకుని వంగాడు, కూర్చున్నాడు, వేలితో తడిమాడు. చివరికి "గీత ఎక్కడయ్యా?" అన్నాడు. నేనప్పుడు చిన్నదాన్ని, ఆ మాట నా చెవులతో విన్నాను. దేన్నీ నమ్మని మా నాన్న ఆ మాట అన్నాక పెళ్ళి ఖాయం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

మా ఇంట్లో నలుగురు చేరితే ఈ కథ రావాల్సిందే. "మామగారికే గీత కనబడలేదు" అని బావ చెప్పుకునే మాటలో గర్వం దాచినా దాగేది కాదు. ఎవరైనా ఈ పిచ్చి ఎందుకయ్యా అంటే ఆ తలుపునే చూపించేవాడు.

తర్వాత ఆ కారు చేతులు మారింది, నాన్న పోయాడు. ఆ కారుది రంగుల ఫొటో కూడా మిగల్లేదు. బావ బీరువా నిండా ఎర్ర కార్లు చేరాయి గానీ నాన్న కారు మాత్రం చెయ్యలేదు. "ఆ ఎరుపు ఇంకా నా చేతికి రాలేదు" అని వాయిదా వేసేవాడు. చివరికి మా అక్క ఉద్యోగం నుంచి రిటైరయ్యే రోజుకి చేశాడు.

మా అక్క లైబ్రరీలో పనిచేసింది. నోరు మూసుకుని ఉండటం, ఇతరుల చేత మూయించడం ఆవిడ ఉద్యోగం. ఆ సాయంత్రం చదువుకునే హాల్లో బల్లలు పక్కకి జరిపి, టీలూ బిస్కెట్లూ పెట్టారు. అందరి మాటలూ అయ్యాక బావ లేచి అట్టపెట్టె తెచ్చి మా అక్క ముందు పెట్టాడు. మూత తీశాడు. ఆకారం చూడగానే గుర్తుపట్టాను. అవే గుండ్రటి దీపాలు, అదే వంకర బంపరు, నాన్న చెయ్యి ఆనించే కిటికీ అంచు. అంతా అచ్చం నాన్న కారే, ఒక్క రంగు తప్ప. రంగు గులాబీ. గోళ్ళరంగు సీసా ఒలికినట్టు మెరిసిపోతోంది.

మా అక్క చాలాసేపు చూసింది. "అచ్చం నాన్న కారేనండీ" అంది. హాలంతా చప్పట్లు. నేను నోరు తెరిచాను, బల్ల కింద మా అక్క చెప్పు నా కాలి మీద పడింది. నోరు మూసుకున్నాను. బావ మొహం వెలిగిపోతోంది. అంత సంతోషంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

పుస్తకాల వరసల మధ్యకి మా అక్కని లాక్కెళ్ళాను. "అదేం ఎరుపే? ఆయనకి కనబడట్లేదా?"

"నాకు తెలుసే. ఈమధ్య పళ్ళు కూడా వెనక్కి వస్తున్నాయి. మరీ సున్నం కొట్టినట్టున్నాయని డాక్టర్లు పంపించేస్తున్నారు. ఈయనేమో వాళ్ళ గదుల్లో దీపాలు బాగాలేవంటారు."

"మరి చెప్పవేం?"

"ఏమని చెప్పను? మీకు రంగులు తెలియట్లేదు అని చెప్పాక ఆ మనిషిలో ఇంకేం మిగుల్తుందే? నువ్వు నోరు విప్పావంటే చూడు."

విప్పలేదు. కొన్ని వారాలపాటు నోరు కట్టేసుకున్నాను. నన్నెరిగిన వాళ్ళెవరూ ఇది నమ్మరు. కానీ మా అక్క కళ్ళల్లో నీళ్ళు చూశాక నాక్కూడా భయం పట్టుకుంది. కళ్ళు మసకబారితే ఎవరైనా తడుముకుంటూ నడుస్తారు, సర్దుకుంటారు. బావకి మాత్రం రంగు పోతే ఉద్యోగమూ, బల్లా, ఆ కిటికీ అన్నీ ఒక్కసారే పోతాయి. ఆయన గురించి మేం చెప్పుకునే ప్రతి గొప్పా ఆ కళ్ళదే.

మా షాపుకి బావ జడ్జి. ఏ చొక్కా అయినా నిజంగా తెల్లబడిందా, ఇంకోసారి ముంచాలా అని సందేహమొస్తే ఆయనకే చూపిస్తాను, ఇది మా పాత అలవాటు. ఒక మధ్యాహ్నం తన బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చాడు. అలవాటు కొద్దీ రెండు చొక్కాలు పైకెత్తాను. ఒకటి కొత్తది, పాలలా ఉంది. రెండోది బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉండి పాతకాగితంలా పసుపెక్కింది. "వీటిలో ఏది పక్కన పెట్టాలి బావా?" అన్నాను, వేళాకోళంగానే. చంటిపిల్లలు కూడా చెప్పే తేడా అది.

బావ రెండూ గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒక్క చూపు చూసి, ఎదురుగా ఉన్న సిమెంటు గోడ వైపు తల తిప్పాడు. మళ్ళీ చూశాడు. "రెండూ ఒకటేగా. బాగానే ఉతికావు" అన్నాడు.

రెండు తెలుపులు ఒకటేనని మా బావ నోట వినడం అదే మొదలు. నా మొహం చూసి ఆయన "ఏమైంది?" అన్నాడు. ఇక ఆగలేకపోయాను.

"ఒకటి కాదు బావా. ఇది పసుపెక్కి చచ్చింది. నీకు కనబడట్లేదు. నువ్వు పంపిన పళ్ళు తిరిగొస్తున్నది దీపాల వల్ల కాదు."

బట్టల మూటల మధ్య స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఇస్త్రీపెట్టె ఆవిరి కక్కుతోంది, దాన్ని తీసి నిలబెట్టాలని కూడా నాకు తోచలేదు. తలెత్తి అడిగాడు.

"ఆ కారు కూడానా?"

"ఆ కారు కూడా."

ధైర్యం చెప్పాల్సినదాన్ని నేనే బావురుమన్నాను. చొక్కాతోనే కళ్ళు తుడుచుకోబోతే ఆయన లాక్కున్నాడు. "కాటుక మరక పడుతుంది. మళ్ళీ ఉతకాలి" అన్నాడు. ఆ మాట మాత్రం బావదే.

కంటి డాక్టరు చూసి శుక్లాలన్నాడు. కళ్ళలో ఉండే కటకాలు పసుపెక్కి మసకబారాయట, పసుపు అద్దాల్లోంచి చూసినట్టుందట ఇన్నాళ్ళూ. ఆ పసుపుకి విరుగుడుగా, పాపం, ఆయన తెలియకుండానే తెలుపులో నీలం, ఎరుపులో గులాబీ కలుపుకుంటూ పోయాడు. ముందు ఒక కంటికి ఆపరేషన్, కొంతకాలం ఆగి రెండోదానికి అన్నాడు డాక్టరు. "చూపు బాగా వస్తుంది" అన్నాడు.

"చూపు సంగతి కాదండీ, ఎరుపు సంగతి" అన్నాడు మా బావ. డాక్టరు నవ్వాడు. మేమెవరం నవ్వలేదు.

కట్టు విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఆయన ముందు గోడని చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు, ఇంకో కన్ను మూసి చూశాడు. నర్సు కోటుని, దుప్పటిని, నన్ను కూడా అలాగే చూశాడు. "తెలుపులో ఇంత నీలం ఉంటుందన్న సంగతే మర్చిపోయాను" అన్నాడు మెల్లగా. ఆ మాటకి మా అక్క గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. పోయిందనుకున్నది తిరిగొచ్చింది.

ఇంటికి రాగానే, టీ కూడా తాగకుండా బీరువా దగ్గరికి వెళ్ళాడు. కన్ను మార్చి కన్ను మూస్తూ ఒక్కో కారునీ చూశాడు. పక్కింటావిడ చూసి ఉంటే కన్ను కొడుతున్నాడనుకునేది. పాతవన్నీ ఉన్నచోటే ఉంచాడు, ఈమధ్య చేసినవి మాత్రం తీసి ఒక పక్కకి పెట్టాడు. చివరికి నాన్న కారు చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ పాత కంటికి ఇది మామగారి కారే. కొత్త కంటికి..." అని ఆగిపోయాడు. తర్వాత మా అక్క వైపు తిరిగాడు. "హాల్లో అంతమంది చూశారు. నువ్వూ చూశావు. అచ్చం నాన్న కారే అన్నావు."

గొంతు పెంచలేదు. కానీ మా అక్క మీద ఆయనకి కోపం రావడం నేను ఎరగను, అందుకే ఆ నెమ్మది మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

మా అక్క కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "మా ఇంట్లో అది అలవాటేనండీ. నాన్న కూడా చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"గీత. నాన్నకి కనబడింది. మీరు సైకిలెక్కి వెళ్ళిపోయిన ఆ సాయంత్రమే నన్ను పిలిచి తలుపు దగ్గర నిలబెట్టారు. 'కనబడుతోందా?' అన్నారు. 'కనబడుతోంది' అన్నాను. 'ఆ అబ్బాయికి చెప్పకు. చెప్తే అంతా చెరిపేసి మళ్ళీ మొదలెడతాడు. ఇంత శ్రద్ధ ఉన్నవాణ్ణి ఇంత తేడాకి బాధపెట్టడం ఎందుకు' అన్నారు."

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాను నేను.

"నీకు చెప్తే ఊరికి చెప్పినట్టేగా."

అది నిజమే, ఒప్పుకోవాలి. కానీ నా మనసంతా బావ మీదే ఉంది. ఆయన పేరంతా నిలబడింది ఆ తలుపు మీద. ఇన్నేళ్ళు చెప్పుకున్న కథ, ఆ గర్వం, ఈ బీరువా నిండిన కార్లు అన్నీ ఆ తలుపుతోనే మొదలయ్యాయి. చూపు తిరిగొచ్చిన రోజునే ఈ మాట వినాల్సి వచ్చిందేమిటా అనుకున్నాను.

బావ కారుని బల్ల మీద పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎటు వైపు?" అన్నాడు.

"ఏమిటి?"

"తేడా ఎటు వైపు? నారింజ వైపా, గులాబీ వైపా?"

మా అక్క నా మొహం చూసింది, నేను మా అక్క మొహం చూశాను. "ముదురు వైపు. పొద్దున కనబడేది కాదు. సాయంత్రం ఎండ పడితే, గీత ఉన్నంత మేరా కాస్త దానిమ్మ గింజలా ఉండేది" అంది అక్క.

బావ తొడ మీద చరుచుకున్నాడు. "నేను ఎప్పుడూ పొద్దున్నే వచ్చేవాణ్ణి. వసారా నీడలో చూసేవాణ్ణి. ఎండకి వెలిసిన తలుపు మీద వెలవని ఎరుపు పెట్టాను. సాయంత్రం ఒక్కసారి వచ్చి చూసి ఉంటే!" అని పగలబడి నవ్వడం మొదలెట్టాడు. కంటికి మంచిది కాదు, నవ్వకండి అని మా అక్క కాళ్ళావేళ్ళా పడాల్సి వచ్చింది. తన తప్పు ఎక్కడుందో దొరికినందుకు అంత సంబరపడే మనిషిని ఏమనాలి? నేనైతే ఆ క్షణాన మనసులోనే ఆయనకి దణ్ణం పెట్టాను, పైకి మాత్రం పిచ్చి మాలోకం అన్నాను.

రెండో కన్ను కూడా అయింది. డాక్టరు వద్దన్నన్ని రోజులూ బల్ల జోలికి పోలేదు. ఆ తర్వాత నాన్న కారుని రంగు వదలగొట్టే మందునీళ్ళలో ముంచి ఆ గులాబీ అంతా ఒలిచేశాడు. మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు, ఈసారి ఒక్కడే కాదు. ప్లాస్టిక్ చెంచాల వెనక రంగు పూసి, ఆరబెట్టి, కిటికీ దగ్గర మా అక్కకి చూపించేవాడు. లైబ్రరీ నిశ్శబ్దమంతా వదిలేసి ఆవిడ నిజాలు చెప్పడం మొదలెట్టింది. "కాదండీ, ఇది ఇటుక." "ఇది టమాటా." "ఇది దగ్గర్లో ఉంది గానీ ఇంకొంచెం ఎండ తిన్నట్టుండాలి." ఆయన విసుక్కోలేదు. కలిపినప్పుడల్లా బూడిద అట్టముక్క ఆవిడ ముందు పెట్టి "ఇటు చూడు, కంటికి విశ్రాంతి ఇవ్వు" అనేవాడు. ఆ అట్టముక్కని చూడమంటే ఆవిడ చూసింది మాత్రం ఆయన్నే.

కారు పూర్తయిందని కబురొస్తే షాపు మూసి వెళ్ళాను. బల్ల మీద నాన్న కారు ఉంది. ఏ వంకా పెట్టడానికి లేని ఎరుపు. ఎరుపంటే ఒళ్ళుమంట పుట్టే నేనే, దాన్ని వంగి వంగి చూశాను. నాన్న ఇప్పుడే ఆపి దిగి లోపలికి వెళ్ళినట్టుంది.

"చూశావుగా. ఇంకాసేపు ఉండు" అన్నాడు బావ.

ఎండ వాలేదాకా కూర్చున్నాం. పడమటి కిటికీలోంచి వెలుగు బల్ల మీదికి జారాక, బావ కారుని మా అక్క అరచేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ వంచింది. కుడి తలుపు ఎండకి తిరిగేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తలుపు మీద పొడుగునా, వెంట్రుకంత సన్నంగా, ఒక గీత మేర ఎరుపు కాస్త ముదురుగా ఉంది.

"కనబడుతోందా?" అన్నాడు బావ.

"కనబడుతోంది" అంది అక్క. కళ్ళు తుడుచుకుని, కారుని నా వైపు తిప్పింది. ఈసారి నాక్కూడా చూపించారు.